పిట్టకూత ఈల తయారీకి ముందు జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో టేకు, వేప, చింత కర్ర ముక్కలు సులువుగానే దొరుకుతాయి గాని, ఈలకు పూర్తిగా ఎండిన కర్రే కావాలి. తీరంలోని వానకాలపు గాలికి, పైకి ఎండినట్టున్న చెక్క లోపల పచ్చిగానే ఉండవచ్చు కనుక, దానిని నీడలో ఉంచి, కొన్ని వారాల తేడాతో తూకం వేసి, బరువు తగ్గడం ఆగాకే రంధ్రం చేయాలి. లేకపోతే గాలి పోయే సన్నని దారి వంకరపోయి స్వరం చెడుతుంది.

లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గర కండువా, వదులు చేతుల చొక్కా, గాజులు, చేతి తొడుగులు ఏవీ ఉండకూడదు. టేకు పొట్టు కొందరికి దద్దుర్లు తెస్తుంది. కర్ర ధూళి క్యాన్సర్ కారకం కాబట్టి మంచి మాస్కు తప్పనిసరి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, ఇలాంటి ఈలతో రప్పించి అయినా సరే, అడవి పక్షులను వేటాడడం, పట్టడం నేరం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టే పక్షుల దగ్గర ఈలను సరదాకైనా ఊదవద్దని గట్టిగా కోరుతున్నాను.

నీటి రంగు వేసే ముందు చెక్కను తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును సన్నని గరుకు కాగితంతో తీయాలి. అడ్డంగా కోసిన ముఖం రంగును ఎక్కువ పీల్చి నల్లబడుతుంది కనుక, అదే కర్ర తునకపై ముందు వేసి చూడాలి. నోటికి తగిలే చోట రంగు వద్దు, బాగా ఆరిన శుద్ధ లక్క పూత చాలు.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో మూతపెట్టి ఉంచాలి.