హామ్ వ్యాసం రాయడం ఎలా: చదివినవాళ్లు తిరిగి కట్టుకోగలగాలి

"యాంటెన్నా కట్టాను, అద్భుతంగా పనిచేసింది, ఢిల్లీ స్టేషన్ కూడా వినబడింది" అని నాలుగు వాక్యాలు రాసి, రెండు ఫొటోలు జత చేసి పంపే హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో స్టేషన్ నడిపేవాళ్లు, చాలామంది. చదవగానే సంతోషం వేస్తుంది. కానీ దాన్ని చదివి పుత్తూరులో ఒక కుర్రాడు ఆదివారం పూట వైరు చుట్ట ముందేసుకుని కూర్చుంటే, వాడికి అందులో ఏమీ దొరకదు. ఎంత పొడవు కోయాలో లేదు, ఎంత ఎత్తున కట్టాలో లేదు, ఏ వైరో లేదు.

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాక మన జిల్లాల హామ్‌లు తెలుగులో రాసినవి చదివి, అడగాల్సినవి అడిగి, సరిచేసి పదిమందికీ అందేలా చూస్తున్నాను. పంపేవాళ్లందరికీ విడివిడిగా చెప్పే మాటలనే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నా దగ్గర కొలమానం ఒక్కటే. మీకు ఫోన్ చెయ్యకుండా, మీరు రాసింది మాత్రమే చదివి ఇంకొకరు అదే పని చెయ్యగలగాలి.

ఏం రాయాలన్న టెన్షన్ ముందు వదిలెయ్యండి. "నాకంత పరిజ్ఞానం లేదు మేడమ్" అంటారు. పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. మీ ఇంట్లో రిసీవర్‌లో గరగరమనే శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకున్నారా? బ్యాటరీ మీద నడిచే రేడియో పెట్టుకుని, మెయిన్ ఆఫ్ చేసి, ఒక్కో స్విచ్చీ వేసుకుంటూ పోయి, చివరికి అది వంటింటి ఎల్ఈడీ బల్బో, ఇన్వర్టరో, పక్కింటి సెట్‌టాప్ బాక్స్ అడాప్టరో తేల్చారా? అది మంచి వ్యాసం. హామ్ లైసెన్సు కోసం రాసే ఏఎస్ఓసీ పరీక్షకు ఎలా చదివారో, ఏ పాఠం దగ్గర ఆగిపోయి ఎలా దాటారో, అదీ వ్యాసమే. లైసెన్సు లేనివాళ్లు కూడా విన్నది రాయవచ్చు.

ఇప్పుడు ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పాకాల నుంచి ఒక తమ్ముడు పంపిన మొదటి చిత్తు ఇది: "40 మీటర్ల బ్యాండుకు ఇన్వర్టెడ్ వీ కట్టాను. ఎస్‌డబ్ల్యుఆర్ చక్కగా వచ్చింది. బెంగళూరు, చెన్నై స్టేషన్లు 59తో వచ్చాయి." 40 మీటర్ల బ్యాండు అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు. ఇన్వర్టెడ్ వీ అంటే మధ్యలో ఎత్తుగా, రెండు కాళ్లు కిందికి దిగేలా కట్టే తీగ యాంటెన్నా. ఎస్‌డబ్ల్యుఆర్ అంటే యాంటెన్నా సెట్టుతో ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు. 59 అంటే స్పష్టంగా, గట్టిగా వినబడిందన్న రిపోర్టు. ఫోన్ చేస్తే, "అక్కా, పని చేసింది కదా, ఇంకేం రాయాలి?" అన్నాడు. అరగంట మాట్లాడుకున్నాం. రెండో చిత్తు ఇలా వచ్చింది:

"మిద్దె మీద నిలబెట్టిన జీఐ పైపు కొన నేల నుంచి 9 మీటర్లు. అక్కడి నుంచి ఒక కాలు వేపచెట్టు వైపు, ఇంకోటి పిట్టగోడ వైపు దిగుతాయి. రెండు కొనలూ నేల నుంచి 4 మీటర్ల ఎత్తులో, నైలాన్ తాడుతో కట్టాను. వైరు ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, పైన పీవీసీ తొడుగు తియ్యలేదు. మొత్తం పొడవుకు వాడే సూత్రం ప్రకారం 143ని మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ 7.1తో భాగిస్తే 20.14 మీటర్లు, అంటే ఒక్కో కాలు 10.07. ముందు జాగ్రత్తగా 10.40 కోశాను. రెజొనెన్స్, అంటే యాంటెన్నా సరిగ్గా పలికే ఫ్రీక్వెన్సీ, 6.7 మెగాహెర్ట్జ్ దగ్గర కనబడింది. రెండు పక్కలా సమానంగా కొంచెం కొంచెం కోస్తూ పోతే 9.80 దగ్గర 7.1కి వచ్చింది. ఎస్‌డబ్ల్యుఆర్ 7.000 దగ్గర 1.7, 7.100 దగ్గర 1.2, 7.200 దగ్గర 1.8. సెట్టు నుంచి యాంటెన్నాకు వెళ్లే కోయాక్స్ కేబుల్ ఆర్‌జీ-58, 15 మీటర్లు."

ఇందులో గొప్ప పదం ఒక్కటీ లేదు. అయినా దీన్ని చదివిన వాళ్లు కట్టుకోవచ్చు, పైగా నేర్చుకోవచ్చు. సూత్రం 10.07 అంటుంటే 9.80 ఎందుకొచ్చింది అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. తొడుగున్న వైరులో తరంగం కాస్త నెమ్మదిగా పోతుంది, కొనలు నేలకు దగ్గరగా ఉన్నాయి, అందుకే పొడవు తగ్గించాల్సి వచ్చింది. ఆ 10.40, ఆ 6.7 రాయకుండా చివరి అంకె ఒక్కటే రాసి ఉంటే ఆ పాఠం పోయేది. కాబట్టి మధ్యలో వచ్చిన కొలతలను దాచుకోకండి. పని చెయ్యని ప్రయత్నాన్ని కూడా కొలతతో సహా రాయండి.

అంత బాగా రాసిన తమ్ముడు కూడా వదిలేసింది ఒకటుంది, సమయం. బెంగళూరు, చెన్నై వినబడింది పొద్దున పదింటికి. పగటిపూట 40 మీటర్ల మీద మనకు దగ్గరి ఊళ్లే బాగా వస్తాయి. తరంగం దాదాపు నిలువుగా పైకెళ్లి అయనోవరణం (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొరలు) నుంచి తిరిగి దిగుతుంది. దూరం వెళ్లాల్సిన ఏటవాలు తరంగాన్ని పగలు ఆ పొరల్లో అన్నిటికంటే కిందిదైన డీ పొర మింగేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర పోతుంది, ఢిల్లీ తెరుచుకుంటుంది. సమయం చెప్పకుండా "ఢిల్లీ వచ్చింది" అంటే అది యాంటెన్నా గొప్పతనమో, రాత్రి గొప్పతనమో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైములో రాయండి, పక్కన మన టైమూ పెట్టండి. పొద్దున పది అంటే 04:30 యూటీసీ. తెల్లవారుజామున ఐదింటి కాంటాక్టు అయితే 23:30 యూటీసీ, అది ముందు రోజు తేదీ. అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా చేసినవాటికి తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇద్దరి లాగ్‌లు (కాంటాక్టులు రాసుకునే పుస్తకాలు) సరిపోలకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

చోటు రాసేటప్పుడు హామ్‌లు భూమిని చదరాలుగా విడగొట్టి వాడే గ్రిడ్ లొకేటర్ ఎంకే93 అని సరిపెట్టకండి. ఆ చదరం 78 నుంచి 80 డిగ్రీల రేఖాంశం, 13 నుంచి 14 డిగ్రీల అక్షాంశం మధ్య ఉన్నదంతా. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ అన్నీ అందులోవే. కపిలతీర్థం పక్కన శేషాచలం గోడలా అడ్డం నిలిచిన చోటికీ, హార్స్‌లీ హిల్స్ పైకీ 2 మీటర్ల బ్యాండు లాంటి వీహెచ్‌ఎఫ్ తరంగాల మీద పోలికే లేదు. ఊరు, వీధి చాలు, ఇంటి నెంబరు వద్దు. ఏ దిక్కున కొండ ఉందో, ఏ దిక్కు తెరిపిగా ఉందో ఒక వాక్యం చేర్చండి.

సిగ్నల్ రిపోర్టుల దగ్గర నేను కొంచెం గట్టిగానే ఉంటాను. అందరికీ 59 ఇచ్చే అలవాటు మర్యాదకు బాగుంటుంది, వ్యాసానికి పనికిరాదు. రిసీవర్‌లో సిగ్నల్ బలం చూపే మీటరు ఎంత చూపిందో రాయండి. పాత యాంటెన్నా, కొత్త యాంటెన్నా పోల్చాలంటే ఒకే స్టేషన్‌ను, నిమిషాల తేడాలో, స్విచ్చి మార్చి మార్చి వినండి. పవర్ ఎంతో తప్పకుండా చెప్పండి. నాలుగు రెట్లు పవర్ పెంచితే అవతలివాళ్ల మీటరు మీద పెరిగేది ఒక్క ఎస్ యూనిట్ (మీటరు మీద ఒక్క అంకె), అంటే 6 డెసిబెల్స్. ఈ లెక్క తెలిస్తే 10 వాట్లతో చేసినవాళ్లు తమ పనిని తక్కువ చేసుకోరు, దర్జాగా రాస్తారు.

బయటి దేశాల వ్యాసం చూసి కట్టినప్పుడు అంకెలు మన నిబంధనలకు సరిపోతాయో లేదో చూడండి. అమెరికాలో 2 మీటర్ల బ్యాండు 148 మెగాహెర్ట్జ్ దాకా ఉంది, మనకు 144 నుంచి 146 వరకే. వాళ్లకు 40 మీటర్లు 7.300 దాకా, మనకు 7.200తో సరి. 1500 వాట్ల యాంప్లిఫయర్ గురించి వాళ్లు రాసుకోవచ్చు. మన దగ్గర ఆ వ్యాసం చదివి తక్కువ పవర్‌కే అనుమతి ఉన్న వీయూ3 కాల్ సైన్ (స్టేషన్ గుర్తు) వాడే పిల్లవాడు అలాంటిది కట్టబోతే ఎంత చిక్కు!

ఎవరి డిజైన్ అయినా మొదటి పేరాలోనే వాళ్ల పేరు చెప్పండి. ఈ విషయంలో మనకు పక్కనే పెద్ద ఆదర్శం ఉంది. హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్, కాల్ సైన్ వీయూ2ఈఎస్ఈ, బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవర్‌ను (పంపడానికీ, వినడానికీ ఒకటే సెట్టు) మన బజార్లో దొరికే వస్తువులతో కట్టేలా రూపొందించి, సర్క్యూట్ మొత్తం, ప్రతి దశ ఎందుకు అలా ఉందో వివరిస్తూ రాసి అందరికీ ఇచ్చేశారు. కాయిల్ చుట్టే ఉంగరం, అంటే టొరాయిడ్, దొరక్కపోతే కుళాయి వాషర్ మీద కాయిల్ చుట్టుకోవచ్చని చూపించారు. అది చదివి దేశదేశాల్లో జనం కట్టుకున్నారు. అంత ఓపిగ్గా రాశారు కాబట్టే ఆ సెట్ అంత దూరం వెళ్లింది.

విడిభాగాలు ఎక్కడ కొన్నారో కూడా రాయాలి. మనవాళ్లలో చాలామంది చెన్నై రిచీ స్ట్రీట్‌కో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకో వెళ్తారు. అక్కడ ఏమని అడిగారో, దాని మీద ఏ నెంబరు అచ్చై ఉందో, అది లేదంటే బదులు ఏం తెచ్చారో చెబితే చదివేవాళ్లకు ఒక బస్సు ఛార్జీ మిగులుతుంది.

సర్క్యూట్ తెల్ల కాగితం మీద చేత్తో గీసినా చాలు. తీగలు కలిసే చోట నిండు చుక్క, కలవకుండా దాటే చోట చుక్క లేకుండా, ప్రతి భాగం పక్కన విలువ. ఫొటో పొద్దున మిద్దె మీద నీడలో తీయండి, పక్కన స్టీలు స్కేలు పెట్టండి. టంకం వేసిన చోటును దగ్గరగా ఒకటి, మొత్తం కట్టడాన్ని దూరంగా ఒకటి తీస్తే సరిపోతుంది. యాంటెన్నా ఫొటోలో కరెంటు తీగ కనబడుతుంటే, దానికి ఎంత దూరంలో కట్టారో రాయకుండా నేను ముందుకు పంపను. పడితే తీగ మీద పడే చోట యాంటెన్నా కట్టకూడదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినబడగానే కోయాక్స్ పీకెయ్యాలన్న మాట కూడా ప్రతి వ్యాసంలో ఉండాల్సిందే.

రాయడం రానివాళ్లు శబ్దం పంపవచ్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద వ్యోమగాముల మాటలో, చిత్రాల సంకేతాలో వస్తే చిన్న చేతిసెట్టుతోనే వినవచ్చు. ఒక పాస్ మహా అయితే పది నిమిషాలు. రికార్డు చేసి తేదీ, సమయం, ఏ దిక్కున లేచి ఏ దిక్కున దిగిందో, ఏ యాంటెన్నానో జత చెయ్యండి. శబ్దం మసకబారిన చోట కత్తిరించకండి. కొండ ఎక్కడ అడ్డొచ్చిందో అదే చెబుతుంది.

నాకు అన్నిటికంటే ఆత్రంగా ఉన్నది పెద్దవాళ్ల జ్ఞాపకాల గురించి. 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ గారు, వీయూ2ఆర్‌బీఐ, పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి అండమాన్ నుంచి సందేశాలు అందించారు. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద హామ్‌ల కోసం చేసిన ఉపగ్రహం హామ్‌శాట్ వెళ్లింది, 2014 దాకా పనిచేసింది. ఆ రోజుల్లో సెట్ ముందు కూర్చుని విన్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లండి. పాత లాగ్ పుస్తకం తీసి ముందు పెట్టుకుని మాట్లాడించండి, ఫోన్‌లో రికార్డు చెయ్యండి. "ఆ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడిగితే రెండు మాటల్లో ముగుస్తుంది. "ఈ పేజీలో ఈ కాంటాక్టు ఎలా దొరికింది సార్?" అని అడగండి, గంట చెబుతారు. పేరు వెయ్యవచ్చో లేదో అడిగి, రాసింది వాళ్లకు చదివి వినిపించి, అప్పుడు పంపండి.

కాంటాక్టు జరిగిందని ఒకరికొకరు పంపుకునే క్యూఎస్ఎల్ కార్డుల ఫొటోలు పంపేటప్పుడు చిరునామా, ఫోన్ నెంబరు కాగితంతో మూసి తీయండి. మనకోసం కాని సందేశం ఏదైనా చెవిన పడితే అది బయటపెట్టకూడదు. అది లైసెన్సు షరతు. రికార్డింగు ఎంత బాగున్నా నేను తీసుకోను.

రాశాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరు యాంటెన్నాలు కట్టిన అనుభవం ఉన్నవాళ్లు, వాళ్లు అంకెలు చూస్తారు. ఇంకొకరు ఇంటర్ చదివే పిల్లో, పిల్లాడో. గట్టిగా పైకి చదవమనండి. ఎక్కడ ఆగి మీ మొహం చూస్తే అక్కడ ఒక వాక్యం తక్కువైందని అర్థం. కింద తేదీ వెయ్యండి. వానాకాలం వెళ్లాక మళ్లీ కొలిచి, ఎస్‌డబ్ల్యుఆర్ మారితే ఆ అంకె పాత అంకె పక్కనే చేర్చండి, పాతది కొట్టెయ్యకండి.

ఇప్పుడు నాకు కావలసినవి కొన్ని ఉన్నాయి. శేషాచలం అడ్డున్న వీధుల నుంచి 2 మీటర్ల మీద ఎంత దూరం పోతోందో ఎవరైనా వీధి వీధీ తిరిగి కొలిచి రాయాలి. చంద్రగిరి దాటాక గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద నడిచే, వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్, 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెన్నాలు, అది ఎలా పనిచేస్తుందో ఒక హామ్ కంటితో చూసి ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా రాయాలి. చిత్తూరు వైపు రాతినేలలో ఎర్త్ రాడ్ దిగక ఇబ్బంది పడేవాళ్లు ఏం చేస్తున్నారో కొలతలతో కావాలి. చిత్తు రాత అయినా పంపండి, మిగతాది ఫోన్‌లో కూర్చుని అడుగుతాను.