చవితి నుంచి దసరా దాకా: బేస్ గిటారిస్టులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు బ్యాండ్లలో వాయించేవాళ్లకు పని ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉంటుంది. దీపావళి దాటగానే కురుమూర్తి జాతర, మాఘంలో చెరువుగట్టు, మధ్య మధ్యలో పెళ్లిళ్లు. కానీ వానలో, ఆరుబయట, ఎవరో హడావిడిగా లాగిన కరెంటు మీద వరసపెట్టి వాయించాల్సి వచ్చేది మాత్రం వినాయక చవితి నుంచి దసరా దాకానే. చవితి దగ్గరపడుతుంటే చాలామంది తీగలు మార్చి, గిటార్ తుడిచి, ఇక రెడీ అనుకుంటారు. నన్నడిగితే తీగల సంగతి తర్వాత. ముందు చూసుకోవాల్సింది కరెంటు.

ఎందుకో చెప్తాను. బేస్ గిటార్ మూత విప్పి చూస్తే, బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు ముక్క) కింది నుంచి సన్నటి వైరు ఒకటి వచ్చి వాల్యూమ్ పాట్ (సౌండు పెంచి తగ్గించే నాబ్) వెనక అతికి ఉంటుంది. తీగల మీద చెయ్యి పెట్టగానే హమ్ (స్పీకర్లోంచి వచ్చే గుయ్‌మనే మోత) తగ్గేది ఆ వైరు వల్లే. యాక్టివ్, అంటే బ్యాటరీతో నడిచే పికప్‌లతో (తీగల కదలికను పట్టుకునే భాగాలు) వచ్చే కొన్ని గిటార్లలో అది ఉండదు, మిగతా దాదాపు అన్నింటిలో ఉంటుంది. అంటే మీ వేళ్ల నుంచి తీగలకు, అక్కడి నుంచి జాక్‌కు, కేబుల్ లోపలి లోహపు జాలికి, ఆంప్ (యాంప్లిఫయర్) బాడీకి, చివరికి ప్లగ్‌లోని మూడో పిన్నుకు అంతా ఒకటే లైను. ఆ పిన్ను నిజంగా భూమిలోకి వెళ్తే సమస్య లేదు. మీ ఆంప్ ఒక బోర్డు మీద, మిక్సర్ ఇంకో బోర్డు మీద ఉండి, రెండింట్లో ఒకదానికి ఎర్తింగ్ లేకపోతే మాత్రం కథ మారుతుంది. చేతులు తీగల మీద ఉంటాయి, కోరస్ పాడదామని మూతి మైకు జాలికి తగులుతుంది. 230 వోల్టులకు మధ్యలో దారి మీరే. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ ఇలాగే స్టేజీ మీద, ఎర్తింగ్ సరిగా లేని మైకు పట్టుకుని చనిపోయాడు.

దానికి తోడు మన దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కరెంటు జాగ్రత్తల గురించి ఎవరు రాసినా రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోమంటారు. గణపతి మండపంలో దేవుడి ఎదురుగా చెప్పులతో ఎవరు ఎక్కనిస్తారు? ఉత్త కాళ్లతో, వానకు తడిసిన కార్పెట్ మీద నిలబడి వాయించాలి. కాబట్టి పొడి చెక్క ఒకటి వెంట తీసుకెళ్లండి. రెండడుగుల ప్లైవుడ్ ముక్క, దాని మీద రబ్బరు మ్యాట్ ఉంటే చాలు. దాని మీద నిలబడితే భక్తికీ ఇబ్బంది లేదు, ప్రాణానికీ కొంత రక్షణ. కొంత అనే అంటున్నాను. వాయిస్తూ ఒక చేత్తో మైకు స్టాండు సర్దితే కరెంటు చేతిలోంచి చేతిలోకి పోతుంది, కాళ్ల కింద చెక్క ఉన్నా లేనట్టే.

అడ్వాన్స్ తీసుకునేటప్పుడే కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. "అన్నా, ఎర్తింగ్ ఉందా?" అంటే "ఉంది తమ్మీ, టెన్షన్ వద్దు" అనే అంటారు. ఆ మాట మీద ఆగకండి, వెళ్లాక కళ్లతో చూడండి. పోలు మీద కొండీలు తగిలించి లాగారా, డిస్కం నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకున్నారా, జనరేటరా? జనరేటరైతే దాని బాడీ నుంచి వైరు వెళ్లి నేలలో దిగ్గొట్టిన రాడ్‌కు కలిసి ఉందా? స్టేజీ బోర్డుల్లో ప్లగ్గులే లేకుండా రెండు వైర్లు గుచ్చి అగ్గిపుల్లలు దోపి ఉంటే, ఆ మండపంలో మూడో వైరు లేదని చెప్పడానికి ఇంకేం కావాలి?

ఇంకో పని చేస్తారు, ఇది కంటికి కనపడదు. ఎర్త్ లేదని అడిగితే సాకెట్ లోపల న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు లింకు కొట్టేస్తారు. మీటర్ పెట్టి చూస్తే అన్నీ సరిగానే చూపిస్తుంది. కానీ వెనకాల ఎక్కడైనా న్యూట్రల్ తెగినా, ఫేజు న్యూట్రల్ తారుమారైనా మీ ఆంప్ బాడీ మొత్తం లైవ్ అయిపోతుంది. కరెంటు పని తెలిసినతనితో బోర్డు విప్పించి చూడమనడానికి మొహమాటపడొద్దు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర్లో, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే చూపించాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య సున్నా వచ్చినా, అంకె ఎటూ నిలవకుండా ఊగుతున్నా ఎర్త్ లేనట్టే.

వాయించడానికి ముందు ఇంకో పరీక్ష ఉంది. అన్నీ ఆన్ చేశాక, మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక మొన తీగకు, ఇంకోటి మైకు జాలికి ఆనించండి. చేతులు మొనల ప్లాస్టిక్ మీదే ఉండాలి. సున్నా దగ్గర్లో ఉంటే వాయించుకోవచ్చు. పదుల్లో చూపిస్తే కారణం తేలేదాకా మైకు దగ్గరికి పోవద్దు. స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను పూర్తిగా నమ్మకండి. మీరు పొడి చెక్క మీద నిలబడి ఉంటే, కరెంటు ఉన్నా దాని బల్బు సరిగా వెలగకపోవచ్చు.

నా లెక్కలో సీజన్‌కు ముందు డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు కొత్త పెడల్ కాదు, 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవచ్చు. ఎర్త్ లేకపోయినా కరెంటు మనిషిలోంచి కారడం మొదలవగానే ఇది కట్ చేస్తుంది. మీ ఆంప్, కీబోర్డు, మిక్సర్ మూడూ ఆ ఒక్క బోర్డు మీదే పెట్టించగలిగితే సగం గొడవ పోతుంది. పెద్ద పవర్ ఆంపులు వేరే లైను మీద ఉండనీయండి.

హమ్ వస్తోందని ప్లగ్ మూడో పిన్ను విరగ్గొట్టడం కొందరికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. డీఐ బాక్స్ (గిటార్ సౌండును మిక్సర్‌కు పంపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది, మిక్సర్ వైపు వెళ్లే కేబుల్‌లో గ్రౌండ్‌ను అది విడదీస్తుంది, మెయిన్స్ ఎర్త్‌ను ముట్టుకోదు. హమ్‌కు మందు అదే. అన్నట్టు మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో అన్నిటికన్నా లావైన తీగ (E) మీద మూడో ఫ్రెట్‌లో (మెడ మీది లోహపు గీత) పలికే జీ (G) స్వరం 49 హెర్ట్జ్. అందుకే సన్నటి హమ్ ఉన్నా పాట నడుస్తున్నంతసేపు బేసిస్టుకు తెలియదు, పాట ఆగాక జనానికి తెలుస్తుంది.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగొద్దు. ముందు మెయిన్ ఆపించండి, 108కి ఫోన్ చేయించండి, ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో వెళ్లగానే చూసిపెట్టుకోవాలనేది ఇందుకే.

ఇక గిటార్. మే నెలలో 44 డిగ్రీలు దాటిన ఎండలో చేయించిన సెటప్ (మెడ వంపు, తీగల ఎత్తు సర్దడం) ఆగస్టుకు నిలవదు. గాలిలో తేమ పెరిగేకొద్దీ చెక్క ఉబ్బి మెడ కదులుతుంది. కొన్నింటికి తీగలు పైకి లేస్తాయి, కొన్నింటికి కిందికి దిగి ఫ్రెట్ల మీద బజ్ వస్తుంది. కాబట్టి సెటప్ వానలు పడ్డాకే, చవితికి రెండు వారాల ముందు పెట్టుకోండి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కి పట్టి ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపల ఉండే లోహపు కడ్డీ) కుడివైపు, అంటే గడియారం ముల్లు తిరిగేవైపు పావు చుట్టు తిప్పి, రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చూడాలి. నాలుగు తీగలు కలిపి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి, తొందరపెడితే రాడ్ తెగుతుంది. సైజు సరిపోని ఆలెన్ కీతో తిప్పితే గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత రిపేరు ఖర్చు గిటార్ ధరతో పోటీ పడుతుంది. గట్టిగా ఉండి కదలకపోతే అక్కడితో ఆపి తెలిసినవాళ్లకు చూపించండి. మెడ కుదిరాక, పదిహేడో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2.4, సన్న తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు పెట్టుకుంటే ఎక్కువమంది చేతికి సరిపోతుంది.

తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకండి, ఒకటి తీసి ఒకటి వేయండి. కత్తిరించే చోట ముందు తొంభై డిగ్రీలు వంచి, ఆ వంపు తర్వాత కత్తిరిస్తే పైచుట్టు వదులు కాదు. ప్రోగ్రామ్ రోజే మార్చితే సాగుతూ ట్యూనింగ్ దిగిపోతుంది, కనీసం మూడు నాలుగు రోజుల ముందు వేయండి. మంచి బేస్ తీగల కోసం మనలో చాలామంది హైదరాబాద్ మీదే ఆధారపడతాం, కాబట్టి రెండో సెట్ ఇప్పుడే తెప్పించుకోండి.

యాక్టివ్ బేస్ అయితే 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేయండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపు, మీరు వాయించకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ప్రోగ్రామ్ మధ్యలో సౌండు పగిలినట్టు వచ్చి సన్నబడితే ముందు అనుమానించాల్సింది దాన్నే. జాక్ నట్టు వదులైందేమో చూడండి. బయటి నుంచి ఊరికే తిప్పితే లోపల జాక్ కూడా తిరిగి వైరు తెగుతుంది, లోపలి భాగాన్ని పట్టుకుని బిగించాలి. పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ వాడండి, తలుపు బందులకు కొట్టే స్ప్రే వద్దు.

హెడ్ (స్పీకర్ లేని విడి ఆంప్) నుంచి క్యాబినెట్‌కు (స్పీకర్ పెట్టె) గిటార్ కేబుల్ వాడకండి. సన్న తీగ వేడెక్కి కరుగుతుంది, ఆంప్ కూడా పోవచ్చు. అమెరికా నుంచి అన్నయ్యో బావో తెచ్చిన హెడ్ అయితే వెనక వోల్టేజీ ఎంత రాసి ఉందో చదవకుండా ప్లగ్ పెట్టొద్దు, 115 వోల్టులదైతే ఒక్క క్షణం చాలు. జనరేటర్‌కు మారేటప్పుడు ఆంప్ స్విచ్ ఆపి, కరెంటు నిలకడగా వచ్చాకే వేయండి.

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో అర్ధరాత్రి టాటా ఏస్‌లో తిరిగొచ్చేటప్పుడు గిటార్ మీద స్పీకర్లు పెట్టనీయకండి. బ్యాగుకు వాన కవరు, లోపల సిలికా జెల్ ప్యాకెట్లు తప్పనిసరి. సాధారణంగా రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లకు అనుమతి ఉండదు, పండగలకు ప్రభుత్వం కొన్ని రోజులు 12 దాకా సడలిస్తుంది. మీ ప్రోగ్రామ్ రోజు సడలింపు ఉందో లేదో నిర్వాహకుల దగ్గర తేల్చుకోండి, చివరి అరగంట పాటలు దాన్ని బట్టే పెట్టుకోవచ్చు. ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా తడి బ్యాగులో గిటార్‌ను రాత్రంతా ఉంచొద్దు. బయటికి తీసి, కేబుల్ పీకి, తీగల కింద కూడా పొడిగుడ్డ పోనిచ్చి తుడిచి, బ్యాగు జిప్పు తెరిచి ఫ్యాను కింద ఆరేయండి.