ఇంగ్లీషు మాటకు దాని పూరకం: కాంప్లిమెంట్‌ను గుర్తించి వాడే పద్ధతి

‘షి పుట్ ద బుక్’ అని ఆపేస్తే వినేవాళ్లు ‘ఎక్కడ?’ అని అడుగుతారు. ‘ఆన్ ద టేబుల్’ చేరితేనే అర్థం పూర్తవుతుంది. ఇలా ఒక మాట తన అర్థం నిండడానికి వెంట కోరుకునే భాగమే కాంప్లిమెంట్, అంటే పూరకం. పొగడ్త అనే కాంప్లిమెంట్ వేరు. స్పెల్లింగ్‌లో ‘ఎల్’ తర్వాత పూరకానికి ‘ఈ’, పొగడ్తకు ‘ఐ’ వస్తాయి.

ముందు ఆ భాగాన్ని తీసేసి చూడండి. ‘షి రెడ్ ద బుక్ ఎట్ ద టేబుల్’లో చివరి మూడు మాటలు పోయినా లోటు లేదు, అవి అదనం. ‘పుట్’ వాక్యం మాత్రం కూలిపోతుంది.

తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ‘గా’ దగ్గర. ‘ఆమె అందంగా ఉంది’, ‘ఆమె అందంగా పాడింది’ అని రెండుచోట్లా ‘గా’యే వాడతాం. ఇంగ్లీషులో మొదటిది ఆమె ఎలా ఉందో చెప్పే పూరకం, కాబట్టి విశేషణం కావాలి: ‘షి లుక్స్ బ్యూటిఫుల్’. రెండోది పాడిన తీరు, కాబట్టి ‘షి సాంగ్ బ్యూటిఫుల్లీ’. ‘లుక్స్ బ్యూటిఫుల్లీ’ అనే తప్పు ఈ ‘గా’ వల్లే పుడుతుంది. సందేహం వస్తే క్రియ తీసి ‘వాజ్’ పెట్టండి. ‘హి లుక్డ్ యాంగ్రీ’ని ‘హి వాజ్ యాంగ్రీ’ అని మార్చినా నిలుస్తుంది, అందుకే అక్కడ విశేషణం. ‘హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి’లో ‘వాజ్’ ఇమడదు, అక్కడ చూడటం ఒక పని. ‘ఫీల్’, ‘టేస్ట్’, ‘స్మెల్’, ‘సౌండ్’లకూ ఇదే పరీక్ష.

కర్మకూ పూరకం ఉంటుంది, దాని చోటు మార్చకూడదు. ‘దె పెయింటెడ్ ద డోర్ గ్రీన్’ అంటే తలుపుకు ఆకుపచ్చ రంగు వేశారని. ‘దె పెయింటెడ్ ద గ్రీన్ డోర్’ అంటే అంతకుముందే ఆకుపచ్చగా ఉన్న తలుపుకు ఏదో రంగు వేశారని. ‘దె కాల్డ్ హిమ్ ఎ లయర్’లో ‘యాజ్’ చేర్చకండి. ‘రిగార్డ్’కు మాత్రం అది కావాలి.

ఏ క్రియ ఏ రూపాన్ని కోరుతుందో ఊహించి లాభం లేదు, గుర్తుంచుకోవాల్సిందే. ‘ఎంజాయ్’, ‘అవాయిడ్’, ‘ఫినిష్’ల తర్వాత ‘ఇంగ్’ రూపం. ‘వాంట్’, ‘డిసైడ్’, ‘హోప్’ల తర్వాత ‘టు’. ‘స్టాప్డ్ టాకింగ్’ అంటే మాటలు ఆపేశాడు. ‘స్టాప్డ్ టు టాక్’ అంటే మాట్లాడటానికి ఆగాడు. ఇక్కడ ‘టు టాక్’ పూరకం కాదు, ఆగిన ఉద్దేశం.

విభక్తులను యథాతథంగా మార్చడం ఇంకో చిక్కు. ‘గురించి’ని తెచ్చి ‘డిస్కస్ అబౌట్’ అంటాం, ‘తో’ని తెచ్చి ‘మ్యారీడ్ విత్’ అంటాం. సరైనవి ‘డిస్కస్ ద ప్రాబ్లమ్’, ‘మ్యారీడ్ టు’. నామవాచకాలకూ ఇలాగే సొంత జోడీలున్నాయి: ‘రీజన్ ఫర్’, ‘సొల్యూషన్ టు’.

అందుకే నోట్‌బుక్‌లో కొత్త మాటను ఒంటరిగా రాయకండి. ‘పుట్ సంథింగ్ సంవేర్’, ‘ఇంట్రెస్టెడ్ ఇన్ సంథింగ్’ అని ఖాళీలతో సహా రాసి, ఒక్కోదానికి మూడు సొంత వాక్యాలు కట్టండి. నేర్చుకునేవాళ్ల కోసం వేసే డిక్షనరీల్లో ఈ జోడీలు మాట పక్కనే ఉంటాయి. అర్థం చూసి మూసేయకుండా అవీ చదవండి.