పబ్ పాఠాలు – 4: పీపా తెరిచాక మూడు రోజులు

గత పాఠంలో ఫిష్ సాస్, రొయ్యల ముద్ద, తాటి బెల్లం ఎలా ఎంచుకోవాలో చూశాం. ఈసారి వంటగది మెట్లు దిగి సెల్లార్‌లోకి వెళ్దాం. అక్కడి పని అయ్యాక ఒక్క వంటకం కోసం మళ్లీ పైకి వద్దాం.

లండన్‌లో కెన్సింగ్టన్ చర్చ్ స్ట్రీట్ మీద చర్చిల్ ఆర్మ్స్ అని ఒక పబ్ ఉంది. ముందు భాగంలో ఫుల్లర్స్ బీర్లు, వెనక అద్దాల గదిలో థాయ్ భోజనం. దశాబ్దాలుగా ఈ జోడీ అక్కడ నడుస్తోంది. ఇంగ్లాండ్‌లో ఇంకా ఎన్నో పేటల్లో ఇలాంటి పబ్బులున్నాయి. బ్రిటన్‌లో చదువుకుంటూ సాయంత్రాలు పబ్బుల్లో పని చేసే మనవాళ్లు కూడా తక్కువేం కాదు, ఈ పాఠాలు వాళ్లకి నేరుగా పనికొస్తాయి. ఈ జోడీ నిలబడటం వెనక గట్టి లెక్క ఉంది. రియల్ ఏల్, అంటే పీపాలోనే పులుస్తూ ఉండే బీరు, పీపా తెరిస్తే మూడు రోజుల్లో ఖాళీ కావాలి. అంటే వారం మధ్యలో కూడా జనం రావాలి. జేబుకి భారం కాని వేడి పళ్లెం దొరికితే మంగళవారం కూడా వస్తారు. ఆ పళ్లెం ఆలస్యమైతే మాత్రం రెండో పింట్, అంటే అర లీటరు పైచిలుకు గ్లాసు, అడక్కుండానే లేచిపోతారు.

పీపాలో ఏం జరుగుతోంది

రియల్ ఏల్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది 1971లో మొదలైన వినియోగదారుల సంఘం కామ్రా. ఏ పాత్రలోంచి గ్లాసులోకి వస్తుందో ఆ పాత్రలోనే రెండోసారి పులిసి, బయటి గ్యాస్ తోపుడు లేకుండా వడ్డించే బీరు ఇది. పీపాలో ఈస్ట్ బతికే ఉంటుంది, మిగిలిన చక్కెరను తింటూ గ్యాస్ పుట్టిస్తుంది. కుండలో పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పులిసినట్టే ఇది కూడా గంటగంటకూ మారుతుంది. కాకపోతే ఇక్కడ ఆ మార్పును మనం చల్లదనంతో, చిన్న చెక్క మేకులతో అదుపులో పెడతాం.

బీరు తేటపడటానికి బ్రూవరీ వాళ్లు పీపాలో ఐసింగ్లాస్ కలుపుతారు. అది చేప గాలితిత్తి నుంచి తీసే పదార్థం. ఈస్ట్‌ను కూడగట్టుకుని అడుక్కి దిగుతుంది. శాకాహారి అడిగితే ఈ సంగతి దాచకండి. ఐసింగ్లాస్ వేయని బీర్లు కూడా దొరుకుతాయి, అవి కొంచెం మబ్బుగా ఉంటాయి.

ఎన్ని పంపులు పెట్టాలి

పబ్బుల్లో ఎక్కువగా వాడే పీపా ఫర్కిన్. 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు, సుమారు 41 లీటర్లు. దాని రెట్టింపు కిల్డర్‌కిన్, సగం పిన్. ఫర్కిన్ అడుగున మడ్డితో రెండు మూడు పింట్లు పోతాయి కాబట్టి అమ్మగలిగేది 69 అనుకోండి. మూడు రోజులకు పంచితే, పీపా నుంచి బీరును పైకి లాగే ఒక్కో చేతి పంపుకి రోజుకు 23 పింట్లు. మూడు పంపులు పెడితే రోజుకు దాదాపు 70 పింట్లు కదలాలి.

కొత్తగా పబ్ తీసుకున్నవాళ్లు చూడ్డానికి బాగుంటుందని ఐదారు పంపులు పెట్టేస్తారు. నాలుగో రోజు పీపాల్లో సగం బీరు వెనిగర్ వాసన కొడుతుంది. రెండు పంపులు పెట్టి రెండూ తాజాగా ఉంచిన పబ్బుకే నేను ఓటేస్తాను. అమ్మకం తగ్గే రోజుల్లో మూడో బీరును పిన్‌లో తెప్పించండి, లేదా ఆ పంపు మీది బొమ్మ పలకను వెనక్కి తిప్పేయండి. అలా తిప్పి ఉంటే ఆ బీరు లేదని రోజూ వచ్చేవాళ్లకు చెప్పక్కర్లేదు.

దించడం నుంచి తాపడం దాకా

సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. వ్యాన్ నుంచి దిగిన పీపాను వెంటనే తెరవకండి. దొర్లి వచ్చింది, మడ్డంతా బీరులో కలిసిపోయి ఉంటుంది, పైగా వెచ్చగా ఉంటుంది. ముందు స్టిల్లేజ్ మీద, అంటే దాన్ని పడుకోబెట్టే చట్రం మీద పెట్టండి. పొట్ట మీది బిరడా, షైవ్, సరిగ్గా నడినెత్తికి రావాలి. కుళాయి దిగే బిళ్ల, కీస్టోన్, ముందు ముఖంలో కింద అంచుకి రావాలి. ముందు రెండు, వెనక ఒకటి చెక్క ముక్కలు దోపి కదలకుండా బిగించండి. ఎటూ వాలకుండా సమంగా ఉంటే మడ్డి పొట్టలోనే కూర్చుంటుంది, కుళాయి దాకా రాదు. చల్లబడటానికి ఒక రోజు వదిలేయండి.

మర్నాడు షైవ్‌ను, కీస్టోన్‌ను శుభ్రమైన బ్రష్‌తో, క్రిమిసంహారక నీళ్లతో రుద్దండి. షైవ్ మధ్యలో పలచటి చోటు ఉంటుంది. అక్కడ సాఫ్ట్ స్పైల్ పెట్టి కొయ్యసుత్తితో కొట్టండి. గాలి పోయే రంధ్రాలున్న చిన్న మేకు అది. దించగానే బుస్సుమని నురగ తన్నుకొస్తుంది కాబట్టి చేతిలో గుడ్డ ఉంచుకోండి. వెచ్చటి పీపా అయితే ఈ నురగ గోడల దాకా చిమ్ముతుంది, నిన్న ఒక రోజు ఆగమన్నది అందుకే.

ఇక్కడి నుంచి మేకును గమనించడమే పని. పైన చేరిన నురగను తుడవండి. తుడిచిన వెంటనే మళ్లీ పొంగితే పీపా ఇంకా గ్యాస్ వదులుతోంది. మేకు ఈస్ట్‌తో మూసుకుపోతే పొంగు ఆగినట్టు కనిపించి మోసం చేస్తుంది. అందుకే కొన్ని గంటలకోసారి మేకు మార్చండి. తుడిచాక నురగ బాగా నెమ్మదిగా, ఒక్కో బుడగగా వస్తుంటే చాలు, సాఫ్ట్ స్పైల్ తీసి గట్టి చెక్కతో చేసిన హార్డ్ స్పైల్ దించండి. మిగిలిన గ్యాస్ బీరులో నిలవడానికి ఇది. కొన్ని బీర్లకు ఈ ఘట్టం ఆరేడు గంటల్లో ముగుస్తుంది, కొన్నిటికి రోజు దాటుతుంది. గడియారం కన్నా మేకు చెప్పేదే వినండి. తొందరపడి హార్డ్ స్పైల్ వేస్తే బీరు నురగై పంపులో ఆగదు. మరిచిపోయి సాఫ్ట్ స్పైల్ ఉంచేస్తే గ్యాసంతా పోయి బీరు చప్పబడుతుంది.

తర్వాత కుళాయి. ముందు అది మూసి ఉందో లేదో చూడండి. నవ్వకండి, సెల్లార్ నేల తడిసేది ఎక్కువగా ఈ పొరపాటు వల్లే. కుళాయి మొనను కీస్టోన్ మధ్యలో తిన్నగా ఆనించి ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయండి. భయపడుతూ నాలుగు చిన్న దెబ్బలు వేస్తే కీస్టోన్ సగం చీలి బీరు పక్కల నుంచి చిమ్ముతుంది. ఈ దెబ్బకు మడ్డి కాస్త కదులుతుంది కాబట్టి అమ్మకానికి కనీసం ఒక రోజు ముందే కుళాయి దించాలి.

మర్నాడు కొంచెం పట్టి పారబోయండి, తర్వాతి గ్లాసును వెలుతురుకి ఎత్తి చూడండి. తేటగా ఉందా, ముక్కుకి ఏం తగులుతోంది, నాలుక మీద ఎలా ఉంది? మబ్బుగా ఉంటే ఇంకో రోజు ఆగండి. సెల్లార్ మరీ చల్లబడినా బీరు మసకేస్తుంది, 12 డిగ్రీలకు తెస్తే ఆ మసక విడిపోతుంది. అలాగే 20 డిగ్రీలు దాటిన వేడికి గురైన పీపాలో ఐసింగ్లాస్ పని చేయదు, ఎన్నాళ్లు ఆగినా తేటపడదు. వెన్న వాసన వస్తే పులియడం పూర్తి కాలేదన్నమాట. పులుపు, వెనిగర్ వాసన వస్తే గాలితో బాక్టీరియా చేరింది, దానికి మందు లేదు.

పంపుతో బీరు లాగి అమ్మే వేళ హార్డ్ స్పైల్ తీసేయాలి. తీయకపోతే పీపాలో శూన్యం ఏర్పడి పంపు బరువెక్కుతుంది, లాగిన ప్రతిసారీ మడ్డి కదులుతుంది. రాత్రి తలుపులు మూశాక మళ్లీ బిగించాలి, లేకపోతే తెల్లారేసరికి బీరు నీరసంగా ఉంటుంది. ఈ రెండు పనులూ ఒకే మనిషికి అప్పజెప్పండి. ఇద్దరికి చెబితే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. అమ్మకం మరీ నెమ్మదిగా ఉండే పబ్బులు కాస్క్ బ్రీదర్ వాడతాయి. ఖాళీ అయిన మేరకు పీపాలోకి గాలికి బదులు తోపుడు లేని కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. చాలా ఏళ్లు దీన్ని ఒప్పుకోని కామ్రా 2018లో తటస్థంగా ఉండాలని నిర్ణయించుకుంది.

అడుగు బీరు కూడా కుళాయికి అందేలా, పీపాలో సగానికి పైగా బీరు ఉండగానే వెనక వైపు మెల్లగా ఎత్తి వాల్చాలి. రాత్రి మూసేశాక చేస్తే తెల్లారేసరికి మళ్లీ తేటపడుతుంది. అడుగంటాక వాలిస్తే మడ్డి అలలా ముందుకొచ్చి చివరి పది పింట్లు పాడు చేస్తుంది.

ఇక పంపు. పొద్దున గొట్టంలో రాత్రంతా నిలిచిన బీరును పారబోసి మొదలుపెట్టండి. గ్లాసు వాల్చి పట్టి, పిడిని ఆగకుండా, ఒకే వేగంతో లాగండి. చాలా పంపులు ఒక్క లాగుడుకి పావు పింట్ లేదా అర పింట్ ఇస్తాయి. వారానికోసారి గొట్టాలను లైన్ క్లీనర్‌తో కడగాలి. ఇందులో రాజీ పడితే పైన చెప్పిన శ్రమంతా బూడిదలో పోసినట్టే.

థాయ్ వంటగది ఉన్న పబ్బుకి ఇంకో చిక్కు ఉంది. వోక్ (గుండ్రటి లోతు బాణలి) పొయ్యి వెనకగా బీరు గొట్టం వెళ్తే మొదటి పింట్ గోరువెచ్చగా వస్తుంది. గొట్టాలను వేడికి దూరంగా మళ్లించండి, వీలు కాకపోతే చల్లటి నీటి పైపులతో కలిపి చుట్టించండి. వెల్లుల్లి, రొయ్యల ముద్ద, ఫిష్ సాస్ సెల్లార్‌లో దాచవద్దు. చల్లగా ఉంది కదా అని వంటవాళ్లు ఆకుకూరల డబ్బాలు కూడా దింపుతారు. ఒప్పుకోకండి, అది బీరు ఉండే చోటు.

పైన వంటగదిలో: పాడ్ క్రపావ్

ఈ పబ్బుల పలకల మీద పాడ్ థాయ్ నూడుల్స్ ఎక్కువగా కనిపిస్తాయి గానీ, వేగానికి క్రపావ్ ఆకుతో చేసే ఈ కీమా వేపుడును మించింది లేదు. ముందే సాస్ కలిపి సీసాలో పెట్టుకుంటే పొయ్యి మీద మూడు, నాలుగు నిమిషాలు. 20 పళ్లేలకు ఆయిస్టర్ సాస్ 200 మి.లీ., లైట్ సోయా 100, ఫిష్ సాస్ 100, డార్క్ సోయా 50 మి.లీ., చక్కెర 80 గ్రాములు కలిపి కరిగేదాకా తిప్పండి. పళ్లేనికి 25 మి.లీ. గరిటె ఒకటి.

ఒక్కో పళ్లేనికి 150 గ్రాముల చికెన్ లేదా పోర్క్ కీమా ముందే తూచి పెట్టండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు చిన్న ఎర్ర మిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా రుబ్బితే అడుగంటి చేదెక్కుతుంది. వోక్ పొగలు కక్కేదాకా కాల్చి, ఒకటిన్నర చెంచాల నూనె, దంచిన ముద్ద వేసి పది సెకన్లు తిప్పండి. కీమా వేసి విడగొడుతూ పెద్ద మంట మీద నిమిషంన్నర వేయించండి. సాస్ పోసి, రెండు చెంచాల నీళ్లు చల్లి ఇంకో నిమిషం. మంట ఆపాకే గుప్పెడు క్రపావ్ ఆకు వేసి రెండుసార్లు తిప్పి దించేయండి. మంట మీదుండగా వేస్తే ఆకు నల్లబడి వాసన పోతుంది. ఒకేసారి మూడు నాలుగు పళ్లేల కీమా వేస్తే వోక్ చల్లబడి, నీరు ఊరి, వేపుడు కాస్తా ఉడుకుడవుతుంది. జనం ఎంత ఉన్నా రెండు పళ్లేలే. పక్క పెనంలో ఎక్కువ నూనెలో గుడ్డు వేయండి, అంచులు గోధుమరంగులో కరకరలాడాలి, పచ్చసొన జారుతుండాలి. కింద జాస్మిన్ అన్నం.

ఆ ఆకు మన తులసి జాతిదే, థాయ్ రకం. పూజించే మొక్కను పోపులో వేయడానికి చేయి రానివాళ్లు ఉంటారు, అది వాళ్ల ఇష్టం. ఆసియా దుకాణాల్లో ఎక్కువగా దొరికే థాయ్ బేసిల్ వేరు, అందులో సోంపు వాసన ఉంటుంది. అది వేసినా తినడానికి బాగానే ఉంటుంది గానీ క్రపావ్ ఘాటు రాదు. ఏ ఆకైనా ఫ్రిజ్ వెనక గోడకు తగిలితే మచ్చలు పడుతుంది, తడి కాగితంలో చుట్టి తలుపు వైపు పెట్టండి.

దీని పక్కన ఏ బీరు? లండన్ ప్రైడ్ లాంటి, 4.1 శాతం ఆల్కహాల్ ఉండి మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) రుచి తెలిసే బిట్టర్ రకం బీరు కారాన్ని చల్లార్చినట్టు ఉంటుంది. చేదునిచ్చే హాప్స్ పువ్వులు దట్టించిన ఐపీఏ రకం బీరు చేదు కారాన్ని ఇంకా రాజేస్తుంది. అది కోరి తాగేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదన వద్దు.

అభ్యాసం

1. ఒక పబ్బులో రోజుకు సగటున 60 పింట్ల రియల్ ఏల్ పోతుంది. మూడు రకాలు పెట్టాలని యజమాని పట్టు. ఏ సైజు పీపాలు ఎన్ని తెప్పిస్తారు?

2. గురువారం సాయంత్రం ఆరు గంటలకు ఒక పీపా అమ్మకానికి పెట్టాలి. అది స్టిల్లేజ్ ఎక్కాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కగట్టి, మేకు మార్చే వేళలతో సహా పట్టిక రాయండి.

3. పంపు బాగా బరువుగా ఉంది, బీరు సన్నగా వస్తోంది, పీపా మాత్రం నిండుగానే ఉంది. మొదట ఎక్కడ చూస్తారు?

జవాబులు, పాడ్ థాయ్ నూడుల్స్ ఎందుకు ముద్దకడతాయనే సంగతి అయిదో పాఠంలో.