బగ్గీ కర్రల లడలడ ఎలా పోయిందంటే

మా పెళ్లి బగ్గీని ఊరూరికీ మినీ లారీలోనే తీసుకెళ్తాం. ఎక్కించే ముందు గుర్రానికి ఇరుపక్కలా ఉండే కర్రలు ఊడదీయాలి. ప్రతిసారీ రెండు స్పానర్లు, చీకట్లో నట్టు కోసం వెతుకులాట. అంతకంటే బాధ, నడుస్తుంటే కర్రలు ఇరుసుకు బోల్టుతో కలిసే కీళ్ల దగ్గర వచ్చే లడలడ. కొత్త గుర్రం పాపం బెదిరిపోయేది.

విప్పి చూస్తే 16 మి.మీ. బోల్టు నడుమ అరిగిపోయింది, కర్ర చివరి ఇనుప కన్ను కోడిగుడ్డులా సాగింది. నట్టు బిగిస్తే లాభం లేదు. కర్రలు పైకీ కిందికీ ఆడాలి, లేకపోతే గతుకులన్నీ గుర్రం మీదే పడతాయి. లేత్ షాపులో కన్నును గుండ్రంగా తొలిపించి గన్‌మెటల్ బుష్ (లోపల తొడిగే కంచు గొట్టం) వేయించాను. బోల్టు బదులు ట్రాక్టర్‌కు వాడే తరహా గట్టి పిన్ను, దాని చివర లించ్‌పిన్ (పిన్ను జారిపోకుండా ఆపే రింగు క్లిప్పు) పెట్టాను. కన్నుకూ ఇరుసుకూ మధ్య పాత టైరు రబ్బరు ముక్క నొక్కి కూర్చోబెట్టాను. అసలు మందు అదే. అది ఎప్పుడూ ఒకవైపే ఒత్తుతుంది కాబట్టి పిన్ను కొట్టుకోదు. పాతకాలం అమెరికా బగ్గీల్లోనూ ఇందుకే రబ్బరో స్ప్రింగు రేకో పెట్టేవారు.

పిన్ను జారినా కర్ర పడిపోకుండా తోలు పట్టీ కూడా కట్టాను. రబ్బరు పగుళ్లిస్తే మార్చాలి. ఇప్పుడు కర్రలు విప్పడానికి రెండు నిమిషాలు చాలు.