గౌరవ కాన్సుల్ పదవి ఒప్పుకునే ముందు చూసుకోవాల్సినవి

కడపలో బండలు ఎగుమతి చేసే వ్యాపారినో, అనంతపురంలో పేరున్న డాక్టరునో ఒక విదేశం ‘మా గౌరవ కాన్సుల్‌గా ఉంటారా?’ అని అడిగిందనుకుందాం. అంటే తన వృత్తి చేసుకుంటూనే ఇక్కడ ఆ దేశం తరఫున, ఆ దేశస్థుల పనులు చూసే ప్రతినిధి అన్నమాట. సరే అనే ముందు 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందంలో మూడో అధ్యాయం చదవాలి. 58 నుంచి 68 దాకా ఆర్టికల్స్ గౌరవ కాన్సుళ్ల గురించే. తర్వాత 71 చూడాలి. మన దేశ పౌరుడికి దక్కేదేమిటో తేల్చేది అదే. కాన్సుల్ హోదాలో చేసిన పనుల విషయంలో కోర్టు విచారణ నుంచి, అరెస్టు నుంచి రక్షణ ఉంటుంది. ఆ పనుల గురించి సాక్ష్యం చెప్పనక్కర్లేదు. అంతే. మన ప్రభుత్వం తనంతట తాను అదనంగా ఇస్తే తప్ప ఇంకేదీ హక్కుగా రాదు. ఇంట్లోవాళ్లకు అసలే రాదు. డిప్లొమాటిక్ పాస్‌పోర్టు, నీలం నంబరు ప్లేటు ఇప్పిస్తామని డబ్బడిగే మధ్యవర్తి ఎదురైతే అక్కడే ఆపేయండి. ఆ ఒప్పందంలో అవి ఎక్కడా లేవు.

ప్రభుత్వ ఉద్యోగులు ఇంకో మెట్టు ముందే ఆగాలి. రాజ్యాంగం 18(4) ప్రకారం రాష్ట్రపతి అనుమతి లేకుండా విదేశీ ప్రభుత్వం నుంచి ఏ పదవీ తీసుకోకూడదు.

కాగితాల వరుస ఇలా ఉంటుంది. నియమించే దేశం ‘కమిషన్’ అనే నియామకపత్రం ఇస్తుంది. అందులో మీ పూర్తి పేరు, హోదా, కార్యాలయం ఉండే ఊరు, కాన్సులర్ పరిధి (మీరు కాన్సుల్‌గా పనిచేయగల ప్రాంతం) ఉంటాయి. అది ఢిల్లీలోని విదేశాంగ శాఖకు చేరాలి. మీరు భారత పౌరులు కాబట్టి మన ప్రభుత్వం స్పష్టంగా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ‘ఎక్సిక్వేటర్’ అనే అంగీకారపత్రం వస్తుంది. ఒప్పుకోకపోతే కారణం చెప్పాల్సిన బాధ్యత లేదు. చాలామంది తొందరపడేది ఇక్కడే: కమిషన్ చేతికి రాగానే ముహూర్తం పెట్టి రిబ్బన్ కత్తిరించేస్తారు. ఎక్సిక్వేటర్ గానీ, కనీసం తాత్కాలిక అనుమతి గానీ రానిదే ఒక్క సంతకం కూడా కాన్సుల్‌గా పెట్టకూడదు. పరిధి కూడా జాగ్రత్తగా చదవండి. అందులో ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే, గుంతకల్లుకు బళ్లారి ఎంత దగ్గరైనా అక్కడి పని మీది కాదు. మన ప్రభుత్వం ఒప్పుకుంటేనే వెళ్లాలి.

ఇక బీరువా. నిజానికి ఈ పదవిలో అన్నిటికన్నా గట్టి రక్షణ మనిషికి కాదు, కాన్సులేట్ దస్త్రాలకు ఉంది. 61వ ఆర్టికల్ ప్రకారం అవి ఎక్కడున్నా ఎవరూ ముట్టకూడదు. కానీ ఒక షరతు: మీ సొంత ఉత్తరాలతో, వ్యాపారం లెక్కలతో కలవకుండా విడిగా ఉండాలి. బండల ఆర్డర్ల ఫైల్లో రాయబార కార్యాలయం ఉత్తరం ఒకటి దూర్చి పెట్టారనుకోండి. జీఎస్టీ అధికారులు సోదాకు వచ్చినప్పుడు అది విడి దస్త్రమని చూపించే దారి ఉండదు. అందుకని వేరే బీరువా, వేరే తాళం, వేరే ఇన్‌వర్డ్ రిజిస్టరు, వేరే ఈమెయిల్, వీలైతే వేరే కంప్యూటరు పెట్టుకోండి. మీ గుమాస్తా వ్యాపారం లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో కాన్సులర్ ఫీజు (కాన్సులేట్ పనులకు వసూలు చేసే రుసుము) ఎక్కించకూడదు. ఆ ఫీజుకు 39వ ఆర్టికల్ పన్ను మినహాయింపు ఇస్తోంది. రసీదు పుస్తకం, బ్యాంకు ఖాతా విడిగా ఉంటేనే అది నిరూపించగలరు.

భవనానికి ఆ స్థాయి రక్షణ లేదు. చొరబాటు, విధ్వంసం జరగకుండా ప్రభుత్వం కాపాడాలి గానీ, చట్టప్రకారం వచ్చిన పోలీసులను గుమ్మంలో ఆపలేరు. సొంత మేడలో ఒక గది ఇచ్చారంటే ఇంటిపన్ను మీరే కట్టాలి. కారు మీద ఆ దేశపు జెండా అధికారిక పనికి వెళ్లేటప్పుడే ఉండాలి. ఒంటిమిట్ట కల్యాణానికి బయల్దేరేటప్పుడు తీసేయండి. దారిలో ప్రమాదం జరిగి అవతలివాళ్లు నష్టపరిహారం కేసు వేస్తే, ఆ రోజు జెండా ఉన్నా రక్షణ లేదు. 43వ ఆర్టికల్ ఆ మాట విడిగా చెప్పింది. మీ సొంత ఒప్పందాలదీ అంతే, కాన్సుల్ లెటర్‌హెడ్ మీద రాసినా సరే.

అసలు పని పుట్టపర్తి లాంటి చోట పడుతుంది. మిమ్మల్ని నియమించిన దేశస్థుడు అక్కడ చనిపోతే అధికారులు ఆలస్యం లేకుండా మీకు తెలపాలి. మీరు పాస్‌పోర్టు నంబరు, పంచనామా నకలు, వస్తువుల జాబితా తీసుకుని అదే రోజు రాయబార కార్యాలయానికి పంపండి. దహనమా, స్వదేశానికి పంపడమా అనేది మీరు తేల్చకండి. బంధువుల రాతపూర్వక మాట వచ్చేదాకా ఆగండి. అరెస్టు అయితే దారి వేరు. కాన్సులేట్‌కు చెప్పించుకునే హక్కు అతనికుందని పోలీసులు అతనికి తెలపాలి. అతను కోరితే మీకు కబురు చేయాలి. మీరు వెళ్లి మాట్లాడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. విడిపించే అధికారం మాత్రం లేదు. ఆ మాట మొదటి భేటీలోనే అతనికి చెప్పండి. అతను ‘మీ సాయం వద్దు’ అని స్పష్టంగా అంటే, ఆ మాట రిజిస్టరులో రాసుకుని తిరిగి వచ్చేయాలి.