ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కితే పాడవుతుందా? డ్రై ఫైర్ చేసేవాళ్లు చూసుకోవాల్సినవి

తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయడమే డ్రై ఫైర్. దీనివల్ల పిస్టల్ పాడవుతుందా అని అడిగితే ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు. ఇద్దరూ తమ చేతిలో ఉన్న మోడల్‌ని బట్టి చెబుతున్నారంతే. తేల్చాల్సింది ఒక్కటే: ఎదురుగా తూటా లేనప్పుడు, తూటాను కొట్టి పేల్చే మొన అంటే ఫైరింగ్ పిన్, దేనికి తగిలి ఆగుతోంది? తూటా ఉంటే దాని అడుగున మంట పుట్టించే మెత్తటి ప్రైమర్ సొట్టపడి ఆ దెబ్బను మింగేస్తుంది. లేకపోతే లోపలి ఉక్కు భరించాలి.

1988లో వచ్చిన గ్లాక్ 19 పిస్టల్‌నే తీసుకోండి. ఇందులో ఫైరింగ్ పిన్‌ని వెనకనుంచి కొట్టే హ్యామర్ ఉండదు, స్ప్రింగు బలంతో తానే దూకే పిన్, అంటే స్ట్రైకర్, ఉంటుంది. అది ముందుకు దూకి, పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే స్లైడ్‌లో తూటా అడుగు ఆనే గోడకు, అంటే బ్రీచ్ ఫేస్‌కు, లోపలి వైపు నుంచి తగులుతుంది. అప్పుడప్పుడు నొక్కితే ఏమీ కాదు. రోజూ వందలసార్లు, ఏళ్ల తరబడి నొక్కిన పిస్టళ్లలో మాత్రం పిన్ రంధ్రం చుట్టూ ఆ గోడ పగిలిన సందర్భాలున్నాయి.

సీజెడ్ 75 బి అనే పిస్టల్ కథ వేరు. ఇందులో ఫైరింగ్ పిన్‌ని పట్టి ఉంచేది అడ్డంగా దిగ్గొట్టిన చిన్న రోల్ పిన్. చుట్టిన రేకు లాంటి బోలు ముక్క అది. ఖాళీగా నొక్కిన ప్రతిసారీ ఫైరింగ్ పిన్ దాన్నే గుద్దుతుంది. కొన్నాళ్లకు అది వంగుతుంది, తర్వాత విరుగుతుంది. విరిగిన ముక్కలు ఇరుక్కుంటే ఫైరింగ్ పిన్ కదలదు, పైగా బయటికి తీయడం పెద్ద తలనొప్పి. అందుకే సీజెడ్‌తో స్నాప్ క్యాప్ (డమ్మీ తూటా) లేకుండా సాధన వద్దు.

.22 రిమ్‌ఫైర్ పిస్టళ్లలో, అంటే తూటా అడుగు అంచు మీద కొట్టి పేల్చేవాటిలో, పిన్ నేరుగా చాంబర్ (తూటా కూర్చునే అర) అంచును కొట్టే ప్రమాదం ఉంది. అంచు సొట్టపడితే తూటా సరిగా కూర్చోదు, ఖాళీ కేసు సరిగా ఊడిరాదు. రూగర్ కంపెనీ మార్క్ సిరీస్ .22 పిస్టళ్లలో పిన్‌ని ముందే ఆపే అడ్డుపిన్ ఒకటి ఉంటుంది. శుభ్రం చేసి బిగించేటప్పుడు దాన్ని మరిచిపోయారో, ఆ అంచు గతి అంతే.

మన దగ్గర లైసెన్సు మీద ఎక్కువగా కనిపించేది .32 బోరు, 9 ఎంఎం సామాన్యులకు నిషిద్ధ బోరు. తాతల నాటి వెబ్లీ అండ్ స్కాట్ పిస్టళ్ల లాంటివి వారసత్వంగా వచ్చి ఉంటే వాటిని ఊరికే నొక్కకండి. పాత ఉక్కు పెళుసుగా ఉండొచ్చు, విరిగితే విడిభాగం దొరకదు.

స్నాప్ క్యాప్ అంటే మందు, గుండు లేని డమ్మీ తూటా. ప్రైమర్ చోట రబ్బరు గానీ స్ప్రింగు గానీ ఉంటుంది. అసలు తూటాతో పొరబడే అవకాశమే లేని రంగుది కొనండి. ఒకే చోట దెబ్బలు తిని రబ్బరులో గుంట పడుతుంది. గుంట లోతై పిన్ దాన్ని తాకడం మానేశాక ఆ క్యాప్ ఉన్నా లేనట్టే, మార్చేయండి. క్యాప్‌ని చేత్తో చాంబర్‌లో వేసి స్లైడ్ వదలకండి, మ్యాగజీన్‌లో పెట్టే ఎక్కించండి. 1911 అనే మోడల్ తరహా పిస్టళ్లలో నేరుగా వేస్తే ఎక్స్‌ట్రాక్టర్, అంటే ఖాళీ కేసును పట్టి లాగే కొక్కెం, వంగే ప్రమాదం ఉంది.

ఇక మొదలుపెట్టే ముందు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. ముందు మ్యాగజీన్ తీయండి, ఆ తర్వాతే స్లైడ్ లాగండి. ఈ వరస తారుమారైతే మ్యాగజీన్‌లోని తూటా మళ్లీ చాంబర్‌లోకి ఎక్కుతుంది. స్లైడ్ తెరిచి ఆపి చాంబర్‌ని కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. గురి పెట్టే గోడ వెనక మనుషులు తిరిగే చోటు ఉండకూడదు. అమెరికాలో ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం: అక్కడి ఇళ్లలో జిప్సం బోర్డు గోడలు తూటాను ఆపవు.

ట్రిగ్గర్ నొక్కు నాలుగు ముక్కలు. మొదట వదులుగా కదిలేది టేకప్. తర్వాత గట్టిగా ఎదురు తగిలేది వాల్. అది తెగడం బ్రేక్. వేలు సడలిస్తే టిక్కుమని తిరిగి పట్టుకునేది రీసెట్. సాధనంతా వాల్ దగ్గరే ఉంది. అక్కడిదాకా వచ్చి ఆగండి, ఊపిరి సగం వదలండి, ముందరి సైట్ మీద చూపు పెట్టి వేలి ఒత్తిడి మెల్లగా పెంచండి. తెగిన క్షణంలో సైట్ ఎటు కదిలిందో మీరు చెప్పగలగాలి. స్లైడ్ ముందు భాగం మీద రూపాయి బిళ్ల పెట్టి పది నొక్కుల్లో ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి. కుడిచేతి వాటం వాళ్లకు సైట్ ఎడమకు జారుతుంటే సాధారణంగా వేలు ట్రిగ్గర్‌ని పక్కకు తోస్తోందని అర్థం; వేలి కొన కాస్త లోపలికో బయటికో జరిపి చూడండి.

గ్లాక్‌లో ప్రతి నొక్కుకీ స్లైడ్ కొంచెం వెనక్కి లాగాలి. చాంబర్ దగ్గర అట్టముక్క ఇరికించి స్లైడ్‌ని కాస్త తెరిచి ఉంచితే ట్రిగ్గర్ మళ్లీ మళ్లీ కదులుతుంది గానీ అసలైన బ్రేక్ రాదు; వేలి కదలికకు తప్ప అది పనికిరాదు. సీజెడ్‌లో డబుల్ యాక్షన్ నొక్కుకు, అంటే ట్రిగ్గరే హ్యామర్‌ని లేపి వదిలే నొక్కుకు, స్లైడ్ జోలికి పోనక్కర్లేదు. ఏ పిస్టల్ అయినా పదిహేను నిమిషాలు చాలు. వేలు అలిసిపోయాక చేసేది తప్పుల్ని వంటబట్టించుకోవడమే.

ట్రిగ్గర్ ఎంత బరువుకు తెగుతుందో కొలవడానికి గేజ్ లేకపోతే ఐదు లీటర్ల క్యాన్ చాలు. ఖాళీ పిస్టల్ గొట్టాన్ని నిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్ మధ్యలో తీగ కొక్కెంతో క్యాన్ వేలాడదీసి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. గ్లాక్‌లో ఆ తీగ ట్రిగ్గర్ మధ్యనున్న సేఫ్టీ నాలుకను కూడా నొక్కాలి. తెగగానే క్యాన్, తీగ సహా తూకం వేయండి. ఐదుసార్లు చేసి సగటు తీయండి. మార్పులేమీ చేయని గ్లాక్ 19 సుమారు రెండున్నర కిలోల దగ్గర తెగుతుంది. పోల్చుకోవడానికి, 25 మీటర్ల పోటీ పిస్టల్‌కు అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) పెట్టిన ట్రిగ్గర్ కనీస బరువు ఒక కిలో. ఐదు కొలతల్లో పెద్ద తేడాలుంటే లోపల మురికో, అలిసిన స్ప్రింగో ఉన్నట్టు.

నొక్కుతుంటే ఇసుక నలిగినట్టుంటే ముందు శుభ్రం చేయండి. గ్లాక్‌లో ట్రిగ్గర్ కదలికను వెనక్కి అందించే ట్రిగ్గర్ బార్, దాన్ని కిందికి దించే కనెక్టర్ కలిసే చోట ఒక్క చుక్క నూనె వేయాలి. స్ట్రైకర్ నడిచే గొట్టంలో మాత్రం నూనె పడకూడదు. మురికి జిగురై దెబ్బ బలం తగ్గిపోతుంది. ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌నో స్ట్రైకర్‌నో పట్టి ఉంచే సియర్‌ని అరగదీసి నున్నగా చేసుకుందామన్న ఆలోచన మానుకోండి. కాస్త ఎక్కువ అరిగితే పిస్టల్ దానంతటదే పేలవచ్చు. మన దేశంలో ఆయుధాల మరమ్మతు పని లైసెన్సున్న గన్‌స్మిత్‌దే.

నెలకోసారి టార్చిలైటు వేసి గ్లాక్ బ్రీచ్ ఫేస్ మీద వెంట్రుకంత గీతలేమైనా ఉన్నాయేమో చూడండి. సీజెడ్‌లో ఫైరింగ్ పిన్ బ్లాక్‌ని, అంటే పిన్‌ని కదలనీయకుండా ఆపే సేఫ్టీ ముక్కను, నొక్కి ఉంచి, పిన్‌ని వెనకనుంచి సన్నటి పంచ్‌తో తోయండి. వదలగానే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే రోల్ పిన్ వంగడం మొదలైందేమోనని అనుమానించాలి. ట్రిగ్గర్ రిటర్న్ స్ప్రింగ్ కూడా సీజెడ్‌లో తరచూ విరిగే భాగమే, దాన్ని స్నాప్ క్యాప్ కాపాడలేదు. రెండూ చవకవే, ఒక జత ముందే తెచ్చిపెట్టుకోండి.

సాధన ముగిశాక "అయిపోయింది" అని పైకి అని పిస్టల్‌ని బీరువాలో పెట్టి తాళం వేయండి. డ్రై ఫైర్‌లో ప్రమాదాలు తరచూ తూటాలు ఎక్కించుకున్నాక, "ఇంకొక్కసారి" అనుకున్నప్పుడే జరుగుతాయి.